కేక్‌వాక్ వదిలి రీపర్‌కి మారిన వైనం

మేడమీద గదిలో నేను చేసే రికార్డింగులు ఎక్కువగా కీర్తనలు, భజన పాటలు. గాత్రం, వయొలిన్, మృదంగం, కింద తంబురా, ఒక్కోసారి కీబోర్డు. ఏళ్ల తరబడి అన్నీ కేక్‌వాక్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే చేశాను. దాని జాతకం తెలిసినవాళ్లకి తెలుసు. 1987లో డాస్ కాలంలో మొదలైంది, తర్వాత సోనార్ అయింది, 2013లో గిటార్లు చేసే గిబ్సన్ చేతికి వెళ్లింది. 2017 నవంబరులో వాళ్లు పని ఆపేస్తే, 2018లో సింగపూర్‌కి చెందిన బ్యాండ్‌ల్యాబ్ కొని ఉచితంగా అందరికీ ఇచ్చింది. 2023లో మళ్లీ కబురు: కొత్త సోనార్ వస్తుంది, దానికి డబ్బు కట్టాలి, ఈ ఉచితం ఎన్నాళ్లో ఉండదు. చేతులు మారిన ప్రతిసారీ ఏమవుతుందోనని కూర్చోవడం నా వల్ల కాదనిపించింది. వేరేది చూసుకుందామని అప్పుడే అనుకున్నాను. (2025లో సోనార్‌లోనే ఉచిత రకం కూడా పెట్టారు. అప్పటికి నేను మూటాముల్లె సర్దేసుకున్నాను.)

నలుగురినీ అడిగితే ఎవరు వాడేది వాళ్లకి గొప్ప. హైదరాబాద్‌లో నా పాటలు మిక్సింగ్ చేసే ఆయన "నూయెండో గానీ క్యూబేస్ గానీ తీసుకోండి, నాకూ సుఖం" అన్నాడు. మా వీధిలో డీజే పాటలు చేసే కుర్రాళ్లకి ఎఫ్ఎల్ స్టూడియో తప్ప ఇంకోటి లోకంలో లేదు. ఒక మిత్రుడు లాజిక్ అన్నాడు. లాజిక్ బంగారమే, కానీ 2002లో యాపిల్ కొన్నాక విండోస్‌కి రావడం మానేసింది. సాఫ్ట్‌వేర్ కోసం మ్యాక్ కొనమంటే ఇంట్లో చెప్పేదెవరు?

అందుకని సలహాలు పక్కనపెట్టి, ట్రయల్ దొరికిన వాటన్నిటిలోనూ ఒకే కీర్తన పెట్టి చూశాను. ఏడు లెక్కల మిశ్రచాపు తాళం, గాయని శ్రుతి ఐదున్నర, చరణంలో లయ కాస్త సాగుతుంది. ఇంటర్నెట్‌లో దొరికే పోలికలన్నీ బీట్ వేసుకుని దానిమీద పాట కట్టుకునేవాళ్లు రాసినవి. మనం ముందు పాట పాడి, ఆ తర్వాత దానిమీద మిగతావి కడతాం. చూడాల్సినవి మారిపోతాయి.

ఎఫ్ఎల్ స్టూడియో నాకు త్వరగానే తేలిపోయింది. ఒకసారి కొంటే జన్మంతా అప్‌డేట్లు ఉచితం, ఆ మాట మీద వాళ్లు నిలబడ్డారు కూడా. కానీ తక్కువ ధరకొచ్చే ఫ్రూటీ ఎడిషన్‌లో ఆడియో రికార్డింగే లేదు, పై ఎడిషన్‌కి వెళ్లాలి. పైగా అది నాలుగు బార్ల ముక్కలు పేర్చుకునే పద్ధతికి పుట్టింది. ఆరు నిమిషాల గాత్రాన్ని ఒక్క పట్టున పడుకోబెడితే దానికీ ఇబ్బందే, నాకూ ఇబ్బందే. సౌండ్ కార్డుతో పాటు వచ్చిన ఏబుల్‌టన్ లైవ్ లైట్ కూడా తెరిచాను. ట్రాకుల సంఖ్యకి హద్దు ఉంది, మూసేశాను.

క్యూబేస్ దగ్గర మాత్రం చాలాసేపు ఆగాను. నిజం చెప్పాలంటే చేతిలో డబ్బుంటే అదే కొనేవాణ్ణేమో. క్లిక్ (హెడ్‌ఫోన్స్‌లో తాళం కొట్టే మెట్రోనోమ్ చప్పుడు) లేకుండా పాడిన గాత్రానికి తర్వాత టెంపో కనిపెట్టి గీత గీసే సదుపాయం దాంట్లో చక్కగా ఉంది. మునుపు లైసెన్సు ఉండే యూఎస్‌బీ పుల్ల ఒకటి గుచ్చితే గానీ తెరుచుకునేది కాదు. 2022లో వచ్చిన 12వ వెర్షన్ నుంచి ఆ బాధ లేదు. కానీ నాకు కావాల్సినవన్నీ ప్రో ఎడిషన్‌లో ఉన్నాయి, దాని ధర దాదాపు 580 డాలర్లు. కీర్తన రికార్డింగుకి మా ఊళ్లో ఎంతిస్తారో తెలిసినవాళ్లకి మిగతా లెక్క చెప్పక్కర్లేదు. కింది ఎడిషన్ కొని, లేనిదాని గురించి రోజూ అనుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

చివరికి రీపర్. విన్యాంప్ రాసిన జస్టిన్ ఫ్రాంకెల్ చేసిందే ఇది. ఒకప్పుడు పాటలు వినడానికి ప్రతి కంప్యూటర్‌లోనూ ఉన్న ఆ విన్యాంపే. డౌన్‌లోడ్ పది నిమిషాలు పడుతుందనుకుని టీ పెట్టబోయాను, స్టవ్ వెలిగించేలోపు దిగిపోయింది. మొదటిసారి తెరిస్తే బూడిదరంగు తెర, ఒక వాయిద్యం లేదు, ఒక లూప్ లేదు. ఖాళీ అద్దె ఇల్లులా ఉంది, మేకులతో సహా మనమే తెచ్చుకోవాలి. తంబురా శాంపిళ్లు నా దగ్గర ఎలాగూ ఉన్నాయి గనక నాకు ఫర్వాలేదు. వాయిద్యాలన్నీ లోపలే ఉండాలనుకునేవాళ్లకి ఇది పడదు.

నన్ను పట్టేసింది క్లిక్. 7/8 పెట్టి, మెట్రోనోమ్ ప్యాటర్న్ గళ్లో ఏబీబీ ఏబీ ఏబీ అని ఇచ్చాను. ఏ అంటే గట్టి దెబ్బ, బీ అంటే చిన్నది. హెడ్‌ఫోన్స్‌లో తకిట తక ధిమి, తకిట తక ధిమి అని మోగుతోంది. మృదంగం వాయించే అబ్బాయికి వినిపిస్తే, "ఏడు లెక్కపెట్టుకోనక్కర్లేదన్నా, చేత్తో తాళం వేసినట్టే ఉంది" అన్నాడు. అంతకుముందు నేను చాపు తాళాలకి వేరే ట్రాక్‌లో చిటికెలు రికార్డు చేసి అతికించుకునేవాణ్ణి.

రెండోది సంగతుల వ్యవహారం, అంటే ఒకే లైనుని రకరకాలుగా మలిచి పాడటం. మా గాయని టీచర్‌గారు పల్లవి పాడితే ప్రతి టేక్‌లోనూ సంగతులు కొత్తగా వస్తాయి, ఏది ఉంచాలో పాడాక గానీ తేలదు. 2023లో వచ్చిన రీపర్ 7లో ఒకే ట్రాక్ కింద టేకులన్నీ వరసలుగా పడతాయి. కావాల్సిన వరస మీద మౌస్‌తో గీస్తే చాలు, ఆ ముక్క పాటలోకి వస్తుంది. ఆవిడ పక్కన కుర్చీ వేసుకుని, "మూడో సంగతి ఇందాక పాడిందే బాగుంది నాయనా, అది పెట్టు. ఇక్కడ ఊపిరి వినబడుతోంది, పైది తీసుకో" అంటూ చెప్పారు. ఆవిడ మాట పూర్తయ్యేలోపు ముక్క మారిపోయింది. పాత పద్ధతిలో ఇలా అడిగితే "రేపు చేసి వినిపిస్తానండి" అనేవాణ్ణి.

శ్రుతి సరిచేసే ప్లగిన్ల (సాఫ్ట్‌వేర్‌కి తగిలించుకునే చిన్న పనిముట్ల) సంగతి ఒక మాటలో ముగిస్తాను. ఏ సాఫ్ట్‌వేర్‌లోదైనా, ఆటోమేటిక్‌గా వదిలేస్తే గమకాన్ని తప్పు స్వరం అనుకుని చదును చేస్తుంది. దాన్ని చూసి సాఫ్ట్‌వేర్ ఎంచుకోకండి.

మారడంలో అసలు చాకిరీ పాత ప్రాజెక్టులది. కేక్‌వాక్ ప్రాజెక్టు ఫైలు రీపర్‌లో తెరుచుకోదు. ప్రతి ట్రాక్‌నీ పాట మొదలు నుంచి ఒకే పొడుగు వేవ్ ఫైలుగా ఎగుమతి చేయాలి, అప్పుడే అన్నీ సున్నా దగ్గర కలుస్తాయి. కీబోర్డు భాగాలు మిడి ఫైళ్లుగా (శబ్దం కాదు, ఏ స్వరం ఎప్పుడు నొక్కామన్న వివరం మాత్రమే) వేరే. బయట కొన్న వీఎస్‌టీ ప్లగిన్లు రెండిట్లోనూ పనిచేస్తాయి గానీ, కేక్‌వాక్‌తో వచ్చే ప్రోఛానెల్ అనే ఎఫెక్టుల వరస లోపలిదే, అది బయటికి రాదు. అందుకని గాత్రానికి ఒకటి ఎఫెక్టులతో, ఒకటి ఎఫెక్టుల్లేకుండా తీశాను. ఉన్నవన్నీ మార్చలేదు. మళ్లీ అడుగుతారనుకున్నవాటికే ఈ పని చేశాను. మిగతావి పాత ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి, ఉంటాయి.

వేళ్లు మాత్రం కొన్నాళ్లు మాట వినలేదు. కేక్‌వాక్‌లో ఆర్ నొక్కితే రికార్డింగ్, రీపర్‌లో ఆర్ నొక్కితే రిపీట్ ఆన్ అవుతుంది. టీచర్‌గారు ఆలాపన అందుకున్నారు, ఇక్కడ ఏదీ పడటం లేదు! అదృష్టం కొద్దీ యాక్షన్స్ జాబితాలోకి వెళితే ఏ మీటకి ఏ పనైనా అప్పగించుకోవచ్చు. ఆ సాయంత్రమే ఆర్‌ని రికార్డింగుకి ఇచ్చేశాను.

రీపర్‌ని 60 రోజులు ఏ అడ్డూ లేకుండా వాడుకోవచ్చు, తర్వాత కూడా తాళం పడదు, కొనమని గుర్తుచేస్తూ ఉంటుంది. అలా గుర్తు చేయించుకుంటూనే ఏళ్లు గడిపేసేవాళ్లు నాకు తెలుసు. నేను కొన్నాను. ఏడాదికి 20,000 డాలర్లు దాటని ఆదాయం ఉన్నవాళ్లకి 60 డాలర్లు, అంటే ఐదు వేల పైచిలుకు. అదే లైసెన్సు 8.99 వెర్షన్ దాకా చెల్లుతుంది. బ్యాంకు యాప్‌లో కార్డుకి విదేశీ చెల్లింపులు ఆన్ చేసుకోవడం మర్చిపోకండి, లేకపోతే చెల్లింపు వెనక్కి వస్తుంది.

హైదరాబాద్ ఆయన ఇప్పటికీ నూయెండోలోనే ఉన్నాడు, దానివల్ల మా ఇద్దరికీ వచ్చిన చిక్కేమీ లేదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైళ్లు పంపుతాను. ఫోల్డర్ పేరులో శ్రుతి, తాళం, టెంపో రాస్తాను. ఆయన కొత్తగా అడిగింది ఒక్కటే, తంబురాని రెండు నిమిషాల ముక్కగా కాకుండా పాట పొడుగునా ఇమ్మన్నాడు.