బైరాగిపట్టెడలో టేప్ డ్రైవ్

బుధవారం, రాత్రి

కంప్యూటర్ ఫైళ్లను టేపు మీద రాసి తిరిగి చదివే యంత్రం టేప్ డ్రైవ్. బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొన్న సెకండ్‌హ్యాండ్ డ్రైవ్ నిన్న సాయంత్రమే ఆర్టీసీ కార్గోలో దిగింది. పెళ్లి వీడియోల స్టూడియో నడిపే అబ్బాయికి ఆగలేదు. "అన్నా, వచ్చేసింది, ఇప్పుడే వచ్చి పెట్టెయ్" అని ఫోన్. రాత్రికి డబ్బా విప్పొద్దు, టేపులతో సహా ఏసీ గదిలో అట్లే పెట్టు, పొద్దున వస్తా అన్నాను. బస్సు డిక్కీలో ఎండకు కాగి వచ్చిన వస్తువది. గది చల్లదనానికి వచ్చేదాకా కరెంటు ఇవ్వకపోవడమే మంచిది. డ్రైవ్ కన్నా టేపుకు ఇది ముఖ్యం. వేడికి, తేమకు టేపు సాగుతుంది, కుదించుకుంటుంది. అరంగుళం వెడల్పులో వేలకొద్దీ ట్రాకులు రాసే చోట ఆ కాస్త తేడా కూడా లెక్కలోకి వస్తుంది.

పెళ్లి వీడియోల స్టూడియోకు టేప్ డ్రైవ్ ఎందుకని నా భార్య కూడా అడిగింది. తిరుపతిలో ముహూర్తాల కాలం ఎట్లుంటుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. కొండమీద కొన్ని, తిరుచానూరులో కొన్ని, మిగతావి ఊళ్లోని కల్యాణ మండపాల్లో. ఒక్కో పెళ్లికి మూడు కెమెరాలు, ఒక డ్రోన్. అంతా కలిపి అర టీబీకి తగ్గదు. 2021 నవంబరు వానలకు ఊరంతా నీళ్లు నిలిచినప్పుడు ఈ స్టూడియో గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండేది. బల్ల కింద పెట్టిన హార్డ్ డిస్కులు మునిగాయి, వాటితోపాటు కొందరి పెళ్లిళ్లూ పోయాయి. ఇప్పటికీ ఎవరైనా "మా వీడియో ఇంకో కాపీ ఇవ్వండి" అని వస్తే ఈ అబ్బాయి ముఖం మారిపోతుంది. తర్వాత పై అంతస్తుకు మారాడు. నేనే ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టం వేసి, జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టంతో డిస్కులను జతలు జతలుగా మిర్రర్ చేసి, అంటే ఒకదాంట్లో రాసింది రెండోదాంట్లోనూ పడేటట్టు, ఒక సర్వర్ పెట్టిచ్చాను.

"రెండు డిస్కుల్లో ఉండాది గదన్నా, ఇంగ ఇదెందుకు?" అని మొదట్లో వాడూ అడిగాడు. ఒక డిస్కు చెడిపోతే మిర్రర్ కాపాడుతుంది. ఎవడైనా ఫోల్డర్ డిలీట్ చేస్తే మాత్రం రెండో డిస్కులోనూ అదే క్షణంలో పోతుంది. ఫైళ్లు ఒక క్షణంలో ఎట్లున్నాయో పట్టి ఉంచే స్నాప్‌షాట్లు ఉన్నాయి కాబట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు, నిజమే. కానీ అవీ ఆ డిస్కుల్లోనే ఉంటాయి, ఆ డిస్కులూ ఆ పెట్టెలోనే, ఆ పెట్టె ఆ గదిలోనే ఉంటుంది. అలమరలో ఉన్న టేపుకు వైరు ఉండదు. పాస్‌వర్డ్ దొంగిలించినవాడైనా దాని దాకా రాలేడు. 2011 ఫిబ్రవరిలో స్టోరేజీ సాఫ్ట్‌వేర్‌లో తప్పు వచ్చి కొంతమంది జీమెయిల్ ఖాళీ అయిపోయినప్పుడు గూగుల్ వాళ్లు ఆ మెయిళ్లను తిరిగి తెచ్చింది టేపుల నుంచే. ఆ సంగతి చెప్పాకే మావాడు మెత్తబడ్డాడు. గూగుల్ పేరు వింటే ఎవరైనా మెత్తబడతారు.

పొద్దున నేను వెళ్లేసరికి వాళ్లమ్మ పళ్లెంలో పసుపు, కుంకుమ, పూలు పెట్టుకుని తయారుగా ఉంది. కొత్త సామాను ఏది వచ్చినా ఆమె చేతుల మీదుగానే మొదలవ్వాలి. "అమ్మా, బొట్టు పైన పెట్టండి, ఈ మూత దగ్గర మాత్రం వద్దు. టేపు లోపలికి పోయే దారి ఇది. పొడి పోతే టేపును చదివే హెడ్ పాడైపోతుంది" అన్నాను. "కెమెరాకు పెట్టేటప్పుడు గూడా మావాడు ఇదే పాట నాయనా" అని నవ్వి, డబ్బా పైన సరిగ్గా మధ్యలో పెట్టింది. అగరుబత్తి గుమ్మం బయట గుచ్చింది. చెప్పకుండానే.

పని మొదలుపెట్టాం. డ్రైవ్ ఎల్‌టీఓ అనే టేపు రకంలో ఆరో తరానిది, ఎల్‌టీఓ-6. బయట పెట్టుకునే రకం, వెనక సర్వర్‌కు కలిపే సాస్ కేబుల్. ఎల్‌టీఓ-6 వచ్చింది 2012లో. ఇప్పుడు ఎల్‌టీఓ-10 దాకా వచ్చేశాయి, వాటి ధర చూస్తే స్టూడియో అమ్ముకోవాలి. ఆరో తరం డ్రైవ్ ఐదో తరం టేపులను చదువుతుంది, రాస్తుంది. నాలుగో తరానివి చదవడం వరకే. మాకు పాత టేపులు లేవు కాబట్టి అన్నీ ఆరో తరానివే తెప్పించాం.

సర్వర్ మూత తీసి ఒక మామూలు సాస్ కార్డు బిగించాను. కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా చూపించే రెయిడ్ కార్డు ఉన్న చోట టేప్ డ్రైవ్‌ను కూడా దానికే తగిలిద్దామని చాలామంది చూస్తారు. రెయిడ్ కార్డులు చాలావరకు టేపును పట్టించుకోవు. ఏ తెలివితేటలూ లేకుండా ఉన్నది ఉన్నట్టు దాటించే కార్డు కావాలి. కేబుల్ విషయంలోనూ ఒక మెలిక ఉంది. సాస్ బయటి కేబుళ్లలో పాత రకం మూతి వేరు, కొత్త రకం మూతి వేరు. అమ్మినవాడు డ్రైవ్‌తో పంపింది కొత్త రకం. డ్రైవ్‌కూ కార్డుకూ ఉన్నవి పాత రకం సాకెట్లు. నా సంచిలో పాతది ఒకటి ఎప్పుడూ ఉంటుంది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఇవాళ్టి పని చెన్నై రిచీ స్ట్రీట్ దాకా పోయేది. రెండు చివర్లూ క్లిక్‌మనే దాకా నొక్కాను. ముందు డ్రైవ్‌కు కరెంటిచ్చి, దాని సొంత పరీక్ష అయ్యి పచ్చ లైటు నిలబడ్డాక సర్వర్ ఆన్ చేశాను.

తగిలించినవేంటో చూపించే క్యామ్‌కంట్రోల్ డెవ్‌లిస్ట్ కమాండు కొడితే డిస్కుల వరుస చివర అల్ట్రియం-6 అని ఒక లైను, పక్కన సర్వర్ దానికి పెట్టిన పేరు ఎస్‌ఏ0. అంతే. పది నిమిషాల్లో అయిపోయింది. మావాడికి కొంచెం నిరాశే అనిపించినట్టుంది.

వాడికేం తెలుసు. తొంభైల్లో ఇదే ఊళ్లో ఒక ల్యాబ్‌లో సన్ కంపెనీ వర్క్‌స్టేషన్‌కు డ్యాట్ అనే చిన్న టేపుల డ్రైవ్ తగిలించడమంటే పూట పట్టే పని. సాస్‌కు ముందుతరం స్కజీ, బొటనవేలంత మందం కేబుల్, యాభై పిన్నులు. డ్రైవ్ వెనక చిన్న మీట నొక్కి ఐడీ, అంటే కేబుల్ మీద దాని నంబరు, నాలుగు మీద పెట్టాలి. మూడు డిస్కుది, ఆరు సీడీది, ఏడు కంట్రోలర్‌ది. రెండు వస్తువులకు ఒకే ఐడీ పడితే రెండూ కనబడవు, లేదా ఒక్కటే వస్తువు ఏడు అవతారాల్లో కనబడుతుంది. వరుస చివర కేబుల్‌ను మూసే టర్మినేటర్ అనే బిరడా లేకపోతే ఒకరోజు పనిచేస్తుంది, ఇంకోరోజు చెయ్యదు. స్టాప్, ఏ కలిపి నొక్కి, ఓకే అని వచ్చాక ప్రోబ్-స్కజీ కొట్టి, డ్రైవ్ పేరు తెర మీద కనిపిస్తే గుండె కుదుటపడేది. తర్వాత బూట్ మైనస్ ఆర్, అంటే కొత్త వస్తువులను వెతుక్కుంటూ మొదలవ్వమని. ఇంతా చేస్తే ఆ డీడీఎస్-2 రకం డ్యాట్ టేపులో పట్టేది 4 జీబీ.

అప్పుడూ ఇప్పుడూ మారనిది ఒకటుంది. టేపుకు రెండు పేర్లుంటాయి. ఎస్‌ఏ0 అని పిలిస్తే పని కాగానే టేపు మొదటికి చుట్టేసుకుంటుంది. ముందు ఎన్ చేర్చి ఎన్‌ఎస్‌ఏ0 అని పిలిస్తే ఉన్నచోటే ఆగుతుంది. సన్ వాళ్ల సోలారిస్‌లో ఆ ఎన్ చివర్లో వచ్చేది, లైనక్స్‌లో ఇప్పటికీ ముందే. ఒక టేపు మీద నాలుగు పెళ్లిళ్లు వరుసగా రాయాలనుకుని మొదటి పేరు వాడితే ప్రతి పెళ్లీ ముందు పెళ్లి మీదే పడుతుంది. ఎర్రర్ కూడా రాదు. సర్వర్ పక్కన గోడకు ఈ ముక్క పెద్ద అక్షరాలతో రాసి అంటించాను. రేపు నేను లేనప్పుడు టేపు పెట్టేది స్టూడియోలోని కుర్రాళ్లు.

టేపు మీద 6.25 టీబీ అని అచ్చు వేసి ఉంటే మావాడు డజను పెళ్లిళ్లు పడతాయని లెక్కేసుకున్నాడు. అది డేటా రెండున్నర రెట్లు కుదించుకుపోతుందనుకుని రాసిన అంకె. అసలు పట్టేది 2.5 టీబీ. వీడియో ఫైళ్లు కెమెరాలోనే నలిగి వస్తాయి, వాటిని ఇంకా కుదించేదేమీ ఉండదు. "అంటే నాలుగేనా?" అన్నాడు. నాలుగే అప్పా. పెట్టె మీది పెద్ద అంకెను నమ్మి టేపులు కొన్నవాళ్లను ఇంతకుముందు కూడా చూశాను.

టేపును చేతిలోకి తీసుకుని మూలనున్న చిన్న తలుపు వేలితో జరిపి చూశాను. లోపల సన్నని ఇనుప పుల్ల, టేపు కొస దానికే పట్టి ఉంటుంది. కింద పడేసిన టేపుల్లో ఆ పుల్ల పక్కకు తప్పుకుంటుంది. అట్లాంటిది డ్రైవ్‌లో పెడితే రెండూ పోతాయి. ఇది సరిగ్గానే ఉంది. సగం దాకా తోస్తే మిగతాది డ్రైవే లాక్కుంది. లోపల ఒక టక్కు, తర్వాత కొసను పట్టుకుని తన చక్రానికి చుట్టుకుంటున్న చప్పుడు, కాసేపు చిన్న ఈల. స్టూడియోలో ఎడిటింగ్ చేసే పిల్లవాడు హెడ్‌ఫోన్ తీసి మరీ విన్నాడు.

రాయడానికి, ఫైళ్లను ఒకే మూటగా కట్టే టార్ చాలు. 1979 నాటి ఏడో ఎడిషన్ యూనిక్స్‌తో వచ్చిన ప్రోగ్రామ్ అది, ఈ పనికి నాకు ఇప్పటికీ దానికన్నా నచ్చింది లేదు. బ్లాకు సైజు, అంటే ఒక్కోసారి రాసే ముక్క, మాత్రం పెంచాలి. ఊరికే వదిలేస్తే 10 కేబీ ముక్కలుగా రాస్తుంది. ఈ డ్రైవ్ సెకనుకు 160 ఎంబీ మింగుతుంది. డేటా అందకపోతే టేపు ఆగి, వెనక్కి పోయి, మళ్లీ ముందుకొస్తుంది. అట్లా రోజంతా చేస్తే టేపు అరుగుతుంది, హెడ్ కూడా అరుగుతుంది. అందుకే 128 కేబీ బ్లాకులు పెట్టి, మధ్యలో డేటాను పోగుచేసే ఎంబఫర్ అనే ప్రోగ్రామ్ వేసి, మెమరీలో 4 జీబీ నిండాకే టేపు కదిలేటట్టు చేశాను. పదిన్నరకు మొదలుపెడితే నాలుగు పెళ్లిళ్లు రెండు గంటలకు పూర్తయ్యాయి. అరంగుళం టేపు, పొడవు 846 మీటర్లు. నిండాలంటే ఈ కొస నుంచి ఆ కొసకు 136 సార్లు తిరగాలి. లెక్కేస్తే పీలేరు మీదుగా మదనపల్లె పోయినంత దూరం, కొంచెం అటూ ఇటూ. ఆ మధ్యలో వాళ్లమ్మ పెట్టిన రాగి సంగటి, ఊరుబిండి తిని కాసేపు కునుకు తీశాను. డ్రైవ్ ఒక్కసారి కూడా ఆగలేదు.

గొడవ ఆ తర్వాత. టేపు బయటకు రాగానే మావాడు మౌస్ పట్టుకున్నాడు. సర్వర్‌లో జాగా లేదు, శుక్రవారం పెళ్లి ఉంది, ఆ నాలుగు ఫోల్డర్లూ తీసేద్దాం అన్నాడు. వద్దన్నాను. "రాసింది గదన్నా? ఎర్రర్ గూడా రాలేదు గదా?" రాయడం అయ్యింది, చదవడం కాలేదు. టేపు మీద ఉన్నది తిరిగి వస్తుందని ఇప్పటిదాకా మనలో ఎవరూ చూడలేదు. నేను ఎన్నో ఆఫీసుల్లో చూశాను. ఏళ్ల తరబడి రోజూ టేపు మారుస్తారు, రిజిస్టర్‌లో సంతకం పెడతారు, ఒక్కరోజు కూడా తిరిగి చదివి చూడరు. అవసరం పడ్డ రోజున టేపు ఖాళీ. ఆ మాట వాడికి నచ్చలేదు, మూతి బిగించుకుని టీ తేవడానికి పోయాడు.

ఫైలులో చిన్న తేడా వచ్చినా మారిపోయే వేలిముద్ర లాంటి అంకె చెక్‌సమ్. ఫైళ్లన్నింటికీ షా-256 పద్ధతిలో ఆ జాబితా నిన్న రాత్రి ఇంటి నుంచే లాగినై తీసి పెట్టుకున్నాను. టేపు మీటను రాయకుండా లాక్ వైపు జరిపి, మళ్లీ లోపలికి పంపి, సర్వర్‌లో మిగిలిన ఖాళీలోకి ఒక్కో పెళ్లినీ దింపుతూ, పోల్చుతూ, చెరిపేస్తూ పోయాను. మూడోది మాత్రం వాడి ముందే, విడిగా. టేపును జరిపే కమాండు ఎమ్‌టీ ఎఫ్‌ఎస్‌ఎఫ్ 2 కొడితే టేపు సర్రున ముందు రెండింటినీ దాటి మూడోదాని మొదట ఆగింది. దిగిన ఫైలు తెరిస్తే చిత్తూరు వైపు పెళ్లి ఒకటి, తలంబ్రాల దగ్గర. పెళ్లికూతురు దోసిళ్లతో కాదు, పళ్లెం ఎత్తి గుమ్మరించేసింది. స్టూడియోలో అందరూ చుట్టూ చేరారు. "ఈ పిల్ల ఇప్పుడు అమెరికాలో ఉండాది" అంది వాళ్లమ్మ. ఏడు దాటాక చివరి చెక్‌సమ్ కూడా సరిపోయింది. తేడా వచ్చిన ఫైలు ఒక్కటీ లేదు.

అయినా డిలీట్‌కు ఒప్పుకోలేదు. ఒక టేపు, అదీ సర్వర్ పక్క అలమరలో ఉంటే 2021 మళ్లీ వచ్చినట్టే. రెండో కాపీ ఊరు దాటాలి. వాడి అత్తగారి ఊరు మదనపల్లె. ఎండాకాలంలో కూడా తిరుపతి కన్నా చల్లగా ఉంటుంది, టేపులకు అంతకన్నా మంచి చోటు మన దగ్గర్లో లేదు. వాడి భార్యను పిలిచి చెప్పాను. బీరువాలో నిలబెట్టి ఉంచాలి, పడుకోబెట్టొద్దు. పక్కన కలరా ఉండలు వెయ్యొద్దు. పోయేటప్పుడు కారు డ్యాష్‌బోర్డు మీద ఎండలో పెట్టొద్దు, చేతిసంచిలో పెట్టుకోవాలి. ఆమె వాడికన్నా శ్రద్ధగా విన్నది. "బంగారం పెట్టే అరలో పెట్టమంటాను అన్నా" అంది. వాడు మాత్రం "శుక్రవారం పెళ్లికి జాగా?" అన్నాడు. అందాకా నా దగ్గరున్న 4 టీబీ డిస్కు అరువిచ్చాను. అద్దె అడుగుతాననుకున్నాడేమో, అనుమానంగా చూశాడు.

ఏ పెళ్లి టేపులో ఎన్నో ఫైలు, ఏ తేదీది, బ్లాకు సైజు ఎంత, ఏ కమాండుతో రాశాం, అన్నీ కాగితం మీద తెలుగులోనే రాసి టేపు పెట్టెలో మడిచి పెట్టాను. లేబుల్ టేపు మీద దానికోసం పల్లం ఉన్నచోటే అంటించాను.

రేపు పదింటికి వెళ్లి రెండో టేపు రాయాలి, చదవాలి. క్లీనింగ్ టేపు ఒకటి తెప్పించమని చెప్పాను, డ్రైవ్ తనంతట అడిగినప్పుడు తప్ప ఊరికే వాడొద్దని కూడా. ఆదివారం వాళ్లు మదనపల్లె పోతున్నారట. డిలీట్ సోమవారం.