పెళ్ళిపందిట్లో దొరికిన మోహన

మా బాబాయి కూతురి పెళ్ళిలో నాకు అప్పజెప్పిన పని మేళం వాళ్ళని చూసుకోవడం. టిఫిన్లు అందాయా, కాఫీలు వెళ్ళాయా, పంతులుగారు చెయ్యెత్తే వేళకి డోలు సిద్ధంగా ఉందా అని కనిపెట్టుకుని ఉండాలి. అంతా అయ్యాక మాట్లాడుకున్న డబ్బు కవరులో పెట్టి ఇవ్వాలి. ఒంగోలు దగ్గర కల్యాణమండపం, ముహూర్తం రాత్రి 12:40కి. గట్టిమేళం మోగింది, తలంబ్రాలు అయ్యాయి, వచ్చినవాళ్ళు వచ్చినట్టే భోజనాలకి లేచిపోయారు. వీడియోవాళ్ళు లైట్లు ఆర్పేశారు. కవరు పట్టుకుని నేను వేదిక పక్కకి వెళ్ళేసరికి సన్నాయి వాయించే సాయిబుగారు వాయిద్యానికి దారంతో వేలాడుతున్న పీకల్లోంచి ఒకటి ఏరి, నోట్లో పెట్టుకుని తడుపుతున్నారు. మైకు ఎప్పుడో తీసేశారు. ఆయన కళ్ళు మూసుకుని మెల్లగా మొదలుపెట్టారు.

నాకు పాటలంటే ప్రాణం. అప్పటికి నాకు 34 ఏళ్ళు. చిన్నప్పటినుంచి విన్నవన్నీ సినిమా పాటలే, ఒక్కో పాట వందలసార్లు. సన్నాయి మాత్రం ఏనాడూ వినలేదు. పెళ్ళిలో పప్పన్నం ఉన్నట్టే సన్నాయీ ఉంటుంది, అంతవరకే. ఆ రాత్రి ఖాళీ కుర్చీల మధ్య వస్తున్న ఆ నాదం విని అక్కడే నిలబడిపోయాను.

"ఇది ఏ సినిమాలోదండీ?" అని అడిగాను, ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు.

"సినిమాలోది కాదు బాబూ. మోహన రాగం."

"అంటే ఏ పాట?"

"పాట ఇంకా ఎత్తుకోలేదుగా. ముందు ఊరు చూపిస్తున్నా. ఇల్లు తర్వాత."

తర్వాత ఇల్లూ చూపించారు. త్యాగరాజస్వామి కీర్తన, "నను పాలింప నడచి వచ్చితివో". స్వామి తన కూతురి పెళ్ళి చేస్తుంటే వాలాజాపేట వేంకటరమణ భాగవతార్ అనే శిష్యుడు రాముడి పటం మోసుకుని అంత దూరం కాలినడకన వచ్చాడట. ఆ పటం చూడగానే, నన్ను కాపాడటానికి నడిచి వచ్చావా తండ్రీ అని పాడారని సంగీతంవాళ్ళు చెప్పుకుంటారు. "పెళ్ళిలో వాయించాల్సిన పాట ఇదే బాబూ. అడిగేవాళ్ళు లేరు" అన్నారు సాయిబుగారు. ఆ మాటలో నిష్ఠూరమేమీ లేదు. ఉన్న సంగతి చెప్పారు. కవరు తీసుకుని, తెల్లారుజామున భూపాలం వాయిస్తాను, అందాకా ఉంటావా అని అడిగారు. ఉంటానన్నాను. ఉండి, కుర్చీలోనే నిద్రపోయాను. ఆ భూపాలం నేను వినలేదు.

హైదరాబాదు తిరిగొచ్చాక మొదటి రెండు నెలలూ నేను చేసినదంతా తప్పు దారే. యూట్యూబులో "కర్ణాటక సంగీతం" అని కొట్టి, వచ్చినవన్నీ వరసపెట్టి విన్నాను. రోజుకో కొత్త గాయకుడు, కొత్త రాగం, కొత్త కీర్తన. వారం తిరిగేసరికి ఏదీ గుర్తులేదు. అన్నీ ఒకేలా వినిపించాయి. ఒకాయన వంద రాగాల పట్టిక ఇచ్చాడు, రాగానికో సినిమా పాట గుర్తుపెట్టుకోమన్నాడు. అదీ చేశాను. కాని రాగం వినబడగానే సినిమా పాట గుర్తొచ్చి, వింటున్నది చెవి దాటి పోయేది. ఖరీదైన ఇయర్‌ఫోన్లు కొన్నాను. వాటితో నాదస్వరం, అంటే మన సన్నాయే, వింటే చెవులు పోటెత్తాయి. ఒక సభలో మూడు గంటల కచేరీకి వెళ్ళి, తనియావర్తనం మొదలవగానే మిగతా కొందరితో పాటు నేనూ లేచి వచ్చేశాను. మృదంగం ఒక్కటే అంతసేపు ఏం వింటాం అనుకున్నాను.

కొత్త సంగీతం రుచి తెలియాలంటే ఎక్కువ వినాలి అని అందరూ చెప్తారు. నా అనుభవంలో అది తప్పు. తక్కువ వినాలి, ఆ తక్కువనే మళ్ళీ మళ్ళీ వినాలి. నాకు ఇది తెలిసింది అలసట వల్ల. ఒకరోజు విసుగొచ్చి ఆ పట్టికలన్నీ తీసి పక్కన పెట్టి, సాయిబుగారి మోహన ఒక్కటే వింటాను, అదీ ఆ ఒక్క కీర్తనే వింటాను అనుకున్నాను. గాత్రంలో ఒకటి, వీణ మీద ఒకటి, వయొలిన్ మీద ఒకటి, నాదస్వరం మీద రెండు. నెలంతా ఇవే. పదో రోజుకి పల్లవి ఎక్కడ మలుపు తిరుగుతుందో నా చెయ్యి ముందే చెప్పడం మొదలుపెట్టింది. ఇరవయ్యో రోజుకి, ఒకే వాక్యాన్ని ఒకరు "నడచి" దగ్గర ఆగి ఆగి పాడటం, ఇంకొకరు అక్కడ జారిపోవడం తెలిసింది. ఆ తేడా తెలిసిన రోజు ఆఫీసు క్యాంటీన్లో కూర్చుని ఉన్నాను. చేతిలో టీ చల్లారిపోయింది.

మనకి ఇందులో ఒక గొప్ప వసతి ఉంది. మాటలు మనవి. తమిళనాడులోనో కర్ణాటకలోనో ఎంతోమంది ఈ కీర్తనల్ని అర్థం తెలియకపోయినా ప్రాణంగా వింటారు. "నడచి వచ్చితివో" అనే మాటకి మనకి ఎవరూ అర్థం చెప్పనక్కర్లేదు. వాయిద్యం మీద వింటున్నా మాట లోపల పలుకుతూనే ఉంటుంది. సన్నాయి మీద కీర్తన వినే ముందు దాన్ని గాత్రంలో వినాలి, మాటలు నోటికి రావాలి. అప్పుడు సన్నాయి మాట్లాడుతుంది. ఎవరైనా ఈ దారిలో రావాలనుకుంటే నేను చెప్పేది ముందు ఇదే.

రాగం ఎలా పట్టుకోవాలి అన్నది ఇంకో సమస్య. స్వరజ్ఞానం నాకు లేదు. మా అబ్బాయి ఆడుకునే బుల్లి కీబోర్డు ఒకటి ఇంట్లో ఉంది. అందులో నల్లమెట్లు రెండు, మూడు, రెండు, మూడుగా గుంపులుంటాయి కదా. మూడు మెట్ల గుంపులో మొదటిదాన్ని షడ్జమం, అంటే 'స', అనుకుని, నల్లమెట్లు మాత్రమే నొక్కుకుంటూ పైకి వెళ్ళండి. స రి గ ప ద. అది మోహన. ఒక రాత్రి నేను పొరపాటున అదే గుంపులో మూడో మెట్టు నుంచి మొదలుపెట్టాను. అవే అయిదు మెట్లు. కాని వినబడింది మోహన కాదు, లోతుగా, రాత్రిలాగా ఉంది. మర్నాడు సంగీతం తెలిసిన పక్కింటి పిన్నిగారిని అడిగితే, నవ్వి, "అది హిందోళం నాయనా. రెండో మెట్టు నుంచి మొదలుపెట్టు, మధ్యమావతి వస్తుంది" అన్నారు. దీన్ని గ్రహభేదం అంటారట. షడ్జమాన్ని ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి జరిపితే చాలు, స్వరాలు అవే అయినా రాగం మారిపోతుంది. రెండు మెట్ల గుంపులో మొదటిదాని నుంచి శుద్ధసావేరి, రెండోదాని నుంచి శుద్ధధన్యాసి. ఒక్క అయిదు మెట్లలో అయిదు రాగాలు! ఆ వారమంతా మా అబ్బాయికి కీబోర్డు దక్కలేదు.

తాళం కూడా పిన్నిగారే నేర్పారు. ఆదితాళం: ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు, మళ్ళీ దెబ్బ, చెయ్యి తిప్పడం, దెబ్బ, తిప్పడం. ఎనిమిది. మెట్రోలో నిలబడి తొడ మీద వేసుకుంటూ వెళ్ళేవాణ్ణి. నెల తర్వాత మళ్ళీ అదే సభలో, తనియావర్తనం సమయంలో లేవకుండా కూర్చున్నాను. తాళం వేస్తూ వింటే మృదంగం ఎక్కడెక్కడికో వెళ్ళి సరిగ్గా నా చేతి కిందికే తిరిగి వస్తోంది. వంటినిండా పులకరింత. అందులో పదో వంతు నాకు తెలిసిందో లేదో కాని ఆ తిరిగి రావడం మాత్రం తెలిసింది.

నాదస్వరం ఇయర్‌ఫోన్ల కోసం పుట్టలేదని తెలుసుకోవడానికి ఇంకొంత కాలం పట్టింది. గుడి మాడవీధుల్లో దేవుడు ఊరేగుతుంటే ముందు నడిచే వాయిద్యం అది, ఊరంతా వినబడాలి. ఇప్పుడు నేను హాల్లో స్పీకర్ పెట్టి, వెళ్ళి బాల్కనీలో కూర్చుంటాను. మధ్యలో ఒక గది ఖాళీ ఉంటే పదును తగ్గి, లోపలి తియ్యదనం బయటికొస్తుంది. పెళ్ళిళ్ళలో మైకుని సన్నాయి మూతి దగ్గరే పెట్టడం వల్లే మనం ఇన్నాళ్ళూ దానికి దూరమయ్యామని నా నమ్మకం.

అలా వెతుకుతుంటే షేక్ చిన మౌలానా గారి పేరు తగిలింది. 1924లో పుట్టి, తంజావూరు బాణీ అభ్యసించి, శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి సన్నిధిలో జీవితం గడిపిన విద్వాంసుడు. 1998లో సంగీత కళానిధి బిరుదు. 1999లో పోయారు. పుట్టిన ఊరు కరవది అని చదివి ఆగిపోయాను. కరవది! ఒంగోలు నుంచి విజయవాడ వెళ్ళే పాసింజరు ఎక్కితే వచ్చే స్టేషను. కాలేజీ రోజుల్లో ఆ ప్లాట్‌ఫారం మీద ఎన్ని వందలసార్లు పల్లీలు కొనుక్కున్నానో. చెవుల్లో పాటలు పెట్టుకుని ఆ ఊరు దాటిపోయేవాణ్ణి. ఆ ఊరు భారతదేశానికి ఎవరిని ఇచ్చిందో ఎవరూ నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఆయన శిష్యులు షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ మహబూబ్ దంపతులకి 2020లో పద్మశ్రీ వచ్చింది. భార్యాభర్తలు పక్కపక్కన కూర్చుని నాదస్వరం వాయిస్తుంటే, ఒకరి ఊపిరి ఎక్కడ ఆగిందో ఇంకొకరిది అక్కడ అందుకుంటుంది.

అక్కణ్ణుంచి దారులు వాటంతట అవే తెరుచుకున్నాయి. టి.ఎన్. రాజరత్నం పిళ్ళై నాదస్వరం మీద వాయించిన తోడి రాగం నాకు కష్టమైంది. మూడు నెలలు పట్టింది. మొదట్లో ఏడుపులా ఉండేది, స్వరం ఒక చోట నిలవదు. ఇప్పుడు ఆ నిలవకపోవడమే తోడి అని అర్థమవుతోంది. సన్నాయి నుంచి బిస్మిల్లా ఖాన్ షెహనాయికి వెళ్ళాను. అక్కడ భూపాలి అని చూసి, నేను నిద్రలో పోగొట్టుకున్న భూపాలం దొరికిందనుకుని పెట్టాను. తీరా వింటే మన మోహన! హిందుస్తానీవాళ్ళ భూపాలి వేరు, మన భూపాలం వేరు. నాదస్వర విద్వాంసుడి కొడుకైన కద్రి గోపాల్‌నాథ్ మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సఫోన్ విని, దాన్ని మన సంగీతానికి లొంగదీసుకున్నారని తెలిసి ఆయన్ని విన్నాను. సాక్సఫోన్ వెంటపడి జాన్ కోల్‌ట్రేన్ దాకా వెళ్ళాను. జాజ్ ఇంకా నాకు కొత్త. అయినా భయం లేదు. ఒక ముక్క పట్టుకుని నెల రోజులు కూర్చుంటే అదీ పలుకుతుందని తెలుసు.

సినిమా పాటలు వదిలేశావా అని అడుగుతారు. ఎందుకు వదులుతాను? ఇప్పుడు ఇంకా ఎక్కువ ఇష్టం. చరణానికి ముందు వచ్చే నాలుగు సెకన్ల సన్నాయి ముక్క వెనక ఎవరి ఊపిరి ఉందో అని ఆలోచిస్తాను.

మొన్న వైశాఖంలో మా మేనమామ కొడుకు పెళ్ళి. మేళం నేనే మాట్లాడతానని ముందే చెప్పాను. అదే సాయిబుగారిని పిలిచాను. తెల్లవారి వ్రతం దగ్గర ఒక అరగంట మీకు నచ్చింది వాయించండి, మైకు వద్దు అని అడిగాను. ఆయన నా మొహం కాసేపు చూసి గుర్తుపట్టారు. "భూపాలం వేళకి నిద్రపోయిన బాబు కదూ" అన్నారు. తెల్లారి ఏడు గంటలకి, పందిట్లో ఎండ ఏటవాలుగా పడుతుండగా మొదలుపెట్టారు. స రి గ ప ద. నా గుండె ఎగిరింది. డోలు ఆయన చెవి దగ్గర వంగి, "మోహన కదండీ?" అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపారు. సాయిబుగారికీ వినబడినట్టుంది. పై షడ్జమం మీద నిలిచి, నా వైపు చూస్తూ, నెమ్మదిగా కిందికి దిగడం మొదలుపెట్టారు. దిగుతున్నప్పుడు నిషాదం పలికింది, తర్వాత మధ్యమం పలికింది. నా నల్లమెట్లలో లేనివి ఆ రెండూ.

"బిలహరి" అన్నారు డోలు ఆయన, కర్ర తీస్తూ. "ఎక్కేటప్పుడు మోహనే. దిగేటప్పుడు వినాలి."

కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చున్నాను.