పదకొండో రోజు గీత

కొత్త కారుకి పెద్దమ్మ గుడిలో పూజ చేయించాం. నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పసుపుతో స్వస్తిక్, అన్నీ పద్ధతిగానే జరిగాయి. సరిగ్గా పదకొండో రోజు పొద్దున్నే సెల్లార్‌లోకి దిగితే ఎడమవైపు వెనక డోర్ మీద జానెడు గీత! తెల్ల బండైనా కాస్త కనపడకుండా పోయేది. మాది నలుపు. (నలుపే కావాలని పట్టుబట్టింది నేనే.)

వాచ్‌మన్‌ని అడిగితే "నేను చూడలే సార్, పిల్లల సైకిల్ తగిలుంటది" అన్నాడు. గీత ఉన్న ఎత్తు చూస్తే నిజమే అనిపించింది. కానీ ఏ పిల్లాడినని అడగను?

గోరుతో రాసి చూశా. పైనున్న క్లియర్ కోట్ (రంగు మీద వేసే పారదర్శకమైన పూత) వరకే గీసుకుంటే గోరు జారిపోతుంది, పాలిష్‌తో సరిపోతుంది. నాకు ఒకచోట టక్కున ఆగింది. రంగు దాకా దిగిందన్నమాట. ఇన్సూరెన్స్‌లో పెడదామంటే మొదటి 1000 రూపాయలు మన జేబులోంచే పోవాలి, పైగా రెన్యువల్‌లో రావాల్సిన 20 శాతం నో క్లెయిమ్ బోనస్ (ఏడాదంతా క్లెయిమ్ చేయకపోతే ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) గల్లంతు. జానెడు గీతకి అంత తతంగమా!

మా ఆవిడ "పోన్లెండి, దిష్టి పోయిందనుకోండి" అంది. మా అమ్మ కూడా ఫోన్లో అదే మాట. మరి ఆ నిమ్మకాయలు తొక్కించింది దేనికట?

రాత్రి భోంచేశాక టార్చి పట్టుకుని మళ్లీ కిందికెళ్లా. గీత ఏమీ తగ్గలేదు.