రోడ్డుకూ ట్రాక్‌కూ ఒకే సస్పెన్షన్

స్పోర్ట్స్ కారు సస్పెన్షన్ మీద సంభాషణ దాదాపు ఎప్పుడూ కొత్త స్ప్రింగుల దగ్గరో, కాయిలోవర్ల (ఎత్తు సర్దుకోగల స్ప్రింగు, డ్యాంపర్ జతల) దగ్గరో మొదలవుతుంది. రోజూ రోడ్డు మీద తిరుగుతూ అప్పుడప్పుడు ట్రాక్ ఎక్కే కారు విషయంలో మొదలుపెట్టవలసిన చోటు అది కాదని నేను గట్టిగా నమ్ముతాను. అంతకు ముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది: ఇప్పుడు కారు కింద ఉన్న బుష్‌లు (కీళ్లలోని రబ్బరు తొడుగులు), బాల్ జాయింట్లు (గుండ్రటి తలతో అన్ని వైపులకూ తిరిగే కీళ్లు), డ్యాంపర్లు (స్ప్రింగు ఊపును అదుపు చేసే షాక్ అబ్జార్బర్లు) కొత్తలో చేసిన పనిని ఈనాటికీ చేస్తున్నాయా? అరిగిన జాయింటు ఉన్న కారుకు వీల్ అలైన్‌మెంట్ చేయిస్తే, తెర మీద కనిపించే అంకె కారు కదలకుండా నిలబడి ఉన్నంతసేపే నిజం. బ్రేకు గట్టిగా నొక్కగానే చక్రాన్ని కారుకు కలిపే కంట్రోల్ ఆర్మ్ వెనక్కి జరుగుతుంది, కాస్టర్ (చక్రం తిరిగే అక్షం ముందుకో వెనక్కో వాలిన కోణం), టో (పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండటం) రెండూ మారిపోతాయి. అటువంటి కారు మీద డ్యాంపర్ నాబ్ ఎంత తిప్పినా, తెలిసిన తేడా దేనివల్ల వచ్చిందో చెప్పడం ఎవరి తరమూ కాదు.

పరీక్షకు పెద్ద పరికరాలు అక్కరలేదు. కారును జాకుతో ఎత్తి, స్టాండ్ల మీద భద్రంగా నిలిపి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే వీల్ బేరింగ్‌లోనూ బాల్ జాయింట్‌లోనూ ఉన్న వదులు తెలుస్తుంది. కుడి ఎడమల పట్టుకుని ఊపితే స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ చివరల వదులు బయటపడుతుంది. ఒకరు ఊపుతుండగా ఇంకొకరు జాయింటు మీద వేలు ఆనించి ఉంచితే, కంటికి అందని కదలిక కూడా వేలికి అందుతుంది. రబ్బరు బుష్‌ల పైపొరలోని సన్నటి పగుళ్లను చూసి కంగారు పడనక్కరలేదు. లోపలి లోహపు గొట్టం నుంచి రబ్బరు ఊడి రావడం, ఆర్మ్ ఒక పక్కకు వాలి ఉండటం మాత్రం ఉపేక్షించకూడని సంకేతాలు. గతుకుల మీద నెమ్మదిగా పోతున్నప్పుడు టకటకమనే చప్పుడు వస్తే మొట్టమొదట యాంటీ రోల్ బార్ (కారు ఒరగడాన్ని తగ్గించేలా కుడి ఎడమ చక్రాలను కలిపే కడ్డీ) చివరల్లోని డ్రాప్ లింకులను అనుమానించాలి. ఇక బాల్ జాయింటు మీది రబ్బరు తొడుగు చిరిగితే, జాయింటు ఇంకా బిగువుగానే ఉన్నా, దాని ఆయువు దగ్గర పడినట్టే లెక్క. గ్రీజు బయటికి రావడం, నీరూ ఇసుకా లోపలికి పోవడం అప్పటికే మొదలై ఉంటుంది.

బుష్‌లు మార్చేటప్పుడు పాటించవలసిన ఒక నియమం ఉంది. దాన్ని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కువ కాదు. సాధారణ రబ్బరు బుష్‌లో లోపలి గొట్టమూ బయటి గొట్టమూ రబ్బరుకు అతుక్కుని ఉంటాయి. ఆర్మ్ పైకీ కిందకీ కదిలినప్పుడు అక్కడ ఏదీ జారదు, రబ్బరే మెలి తిరుగుతుంది. కారు గాలిలో ఉండి చక్రం కిందికి వేలాడుతున్నప్పుడు బోల్టును బిగించారనుకుందాం. ఆ వేలాడే స్థితే రబ్బరుకు విశ్రాంతి స్థితి అవుతుంది. కారును నేల మీదికి దించగానే అది తడి గుడ్డను పిండినట్టు మెలితిరిగి, ఆ బుష్ ఉన్నంతకాలం అలాగే ఉండిపోతుంది. అందువల్ల రైడ్ హైట్ (నేల నుంచి కారు ఎత్తు) తప్పుగా కనిపిస్తుంది, స్ప్రింగుకు తోడు లెక్కలో లేని మరో స్ప్రింగు చేరుతుంది, కొత్త బుష్ త్వరగా చిరిగిపోతుంది. కాబట్టి బోల్టులను ముందు వదులుగా ఎక్కించి, చక్రాలు బరువు మోస్తూ కారు తన సహజమైన ఎత్తులో నిలబడినప్పుడే టార్క్ రెంచ్‌తో తుది బిగింపు చేయాలి. స్ప్రింగులు మార్చి కారును కిందికి దించినవారు కూడా అవే పాత బోల్టులను ఒకసారి వదులు చేసి, కొత్త ఎత్తులో మళ్లీ బిగించాలి. వర్క్‌షాపుకు ఇచ్చినప్పుడు ఈ ఒక్క మాట ముందుగా అడిగి తెలుసుకోవడం మంచిది. పాలీయురేథేన్ బుష్‌లకు ఈ నియమం వర్తించదు. అవి గొట్టం మీద జారుతూ తిరుగుతాయి, వాటికి తగిన సిలికాన్ గ్రీజు అందుతుండాలి. అయితే ఒకటి కంటే ఎక్కువ దిశల్లో కదలవలసిన ఆర్మ్‌లో గట్టి పాలీయురేథేన్ పెడితే కదలిక పట్టేసినట్టవుతుంది. రోడ్డు మీద ఎక్కువగా తిరిగే కారుకు మంచి కొత్త రబ్బరు బుష్‌లే సరైన ఎంపిక అని నా అభిప్రాయం.

డ్యాంపర్ల విషయానికి వస్తే, కారు మూలను చేతులతో నొక్కి వదిలి ఎన్నిసార్లు ఊగిందో చూసే పాత పరీక్ష స్పోర్ట్స్ కారు మీద పెద్దగా పనికిరాదు. గట్టి స్ప్రింగులు, గ్యాస్ నింపిన డ్యాంపర్లు ఉన్న కారు, డ్యాంపర్ సగం చచ్చినా, చేతి ఒత్తిడికి మర్యాదగానే ప్రవర్తిస్తుంది. రాడ్ చుట్టూ సన్నటి నూనె తడి ఉంటే ఆందోళన అక్కరలేదు, ఒళ్లంతా నూనె కారుతుంటే మాత్రం ఆ డ్యాంపర్ పని అయిపోయినట్టే. టైరు ట్రెడ్ మీద చేయి ఆడించినప్పుడు ఎత్తుపల్లాలుగా తగలడం, మలుపు మధ్యలో గతుకు వచ్చినప్పుడు కారు పక్కకు గెంతడం నమ్మదగిన లక్షణాలు. ట్రాక్ మీద వేడి మరో సమస్య. ట్విన్ ట్యూబ్ (గొట్టంలో గొట్టం ఉండే) డ్యాంపర్‌లో నూనె నురగెక్కితే కొన్ని ల్యాపుల తర్వాత అదుపు పలుచబడుతుంది. ఒకే గొట్టం ఉండే మోనో ట్యూబ్‌లో అధిక పీడనంతో ఉన్న నైట్రోజన్ నుంచి నూనెను తేలే పిస్టన్ వేరు చేస్తుంది, పైగా వేడి నేరుగా బయటి గోడ గుండా పోతుంది. బిగించేటప్పుడు డ్యాంపర్ రాడ్‌ను పటకారుతో పట్టడం మహాపరాధం. ఒక్క గీత చాలు, సీల్ పాడవడానికి.

ఇవన్నీ బాగున్నాయని తేలిన తర్వాతే స్ప్రింగుల మాట. స్ప్రింగు మీద రాసి ఉన్న అంకెకూ చక్రానికి అందే గట్టిదనానికీ మధ్య మోషన్ రేషియో (చక్రం కదిలిన దూరంలో స్ప్రింగు ఎన్నో వంతు కదులుతుందన్న నిష్పత్తి) ఉంటుంది, పైగా దాని వర్గం లెక్కలోకి వస్తుంది. మిల్లీమీటరుకు 60 న్యూటన్ల స్ప్రింగు, 0.7 మోషన్ రేషియో ఉంటే, చక్రం దగ్గర మిగిలేది 29.4 మాత్రమే. ఆ మూలన స్ప్రింగు మోసే బరువు 300 కిలోలైతే, ఆ మూల సహజంగా ఊగే వేగం సెకనుకు సుమారు 1.6 సార్లు అవుతుంది. మామూలు కార్లు 1 నుంచి 1.5 మధ్య, రోడ్డు స్పోర్ట్స్ కార్లు 1.5 నుంచి 2 మధ్య ఉండటం సాధారణం. స్ప్రింగును రెట్టింపు గట్టిది చేస్తే ఈ అంకె రెట్టింపు కాదు, సుమారు 2.2 దగ్గర ఆగుతుంది. కానీ అదే సమయంలో, కారు తన బరువుకు తాను చక్రం దగ్గర దిగే దూరం సుమారు 100 మిల్లీమీటర్ల నుంచి 50కి పడిపోతుంది. అంటే రోడ్డు పల్లంలోకి దిగినప్పుడు చక్రాన్ని కిందికి తోయడానికి స్ప్రింగు దగ్గర మిగిలిన దూరం సగమైంది. ఎగుడుదిగుడు రోడ్డు మీద అతి గట్టి కారు పట్టు కోల్పోవడానికి ఇదొక ముఖ్య కారణం. ముందు కంటే వెనుక కొంచెం వేగంగా ఊగేలా స్ప్రింగులను ఎంచుకుంటే గతుకు దాటిన తర్వాత కారు త్వరగా సమతలానికి వస్తుందని జనరల్ మోటార్స్‌లో పనిచేసిన మారిస్ ఓలీ 1930లలోనే చూపించాడు. రోడ్డు కారుకు అది నేటికీ మంచి ప్రారంభ స్థానం.

కారును ఎంత కిందికి దించాలన్న ప్రశ్నకు నా జవాబు ఎప్పుడూ ఒకటే: అందం కోరే దానికంటే తక్కువ. ముఖ్యంగా ముందు మ్యాక్‌ఫర్సన్ స్ట్రట్ (చక్రాన్ని పైనుంచి డ్యాంపరే నిలబెట్టే అమరిక) ఉన్న కార్లలో దించిన కొద్దీ కింది ఆర్మ్ బయటి చివర పైకి లేచి, రోల్ సెంటర్ అనే, కారు తన చుట్టూ ఒరిగే బిందువు కారు గరిమనాభి కంటే వేగంగా కిందికి జారుతుంది. వాటి మధ్య దూరం పెరగడంతో, దించిన కారు మలుపులో ఇంకా ఎక్కువగా ఒరగడానికి చూస్తుంది. ఒరిగినప్పుడు స్ట్రట్ క్యాంబర్‌ను (ముందు నుంచి చూస్తే చక్రం వాలిన కోణం; పైభాగం లోపలికి వాలితే నెగటివ్) తిరిగి సంపాదించుకోలేదు కనుక బయటి టైరు అంచు మీద నడుస్తుంది. పైనా కిందా రెండు ఆర్మ్‌లు చక్రాన్ని పట్టి ఉంచే డబుల్ విష్‌బోన్ అమరికకు ఈ బలహీనత తక్కువ. 1989లో వచ్చిన తొలి మాజ్డా ఎంఎక్స్-5కు నాలుగు మూలలా అదే అమరిక ఉంది. దశాబ్దాల పాటు ముందు స్ట్రట్‌తోనే నడిచిన పోర్షే 911 కుటుంబంలో 2021 నాటి జీటీ3 ముందు భాగానికి డబుల్ విష్‌బోన్ తీసుకుంది. దించడం వల్ల తగ్గేది బంప్ స్టాప్‌కు (సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకున్నప్పుడు ఆపే మెత్తటి దిమ్మకు) మిగిలిన దూరం కూడా. మలుపు మధ్యలో బయటి డ్యాంపర్ బంప్ స్టాప్‌ను తాకితే ఆ మూల గట్టిదనం హఠాత్తుగా పెరుగుతుంది. ఇది ముందు చక్రాల దగ్గర జరిగితే కారు ముక్కు బయటికి పోతుంది, వెనుక చక్రాల దగ్గర జరిగితే తోక తిరుగుతుంది. డ్యాంపర్ రాడ్ మీద చిన్న జిప్ టై బిగించి ఒక సెషన్ నడిపితే, ఎంత దూరం వాడుకున్నదీ అదే చూపిస్తుంది.

సర్దుబాటు చేయగల డ్యాంపర్ ఉన్నవారు మొదట దాన్ని పూర్తిగా గట్టి వైపు మూసి, అక్కడి నుంచి వెనక్కి క్లిక్కులు లెక్కపెట్టి రాసుకోవాలి. డ్యాంపర్ మార్చేది మార్పు జరిగే తీరును: బ్రేకు నొక్కే క్షణం, స్టీరింగు తిప్పే క్షణం, యాక్సిలరేటర్ వేసే క్షణం. మలుపు మధ్యలో స్థిరంగా ఉన్న కారు స్వభావాన్ని నిర్ణయించేవి స్ప్రింగులు, బార్లు, టైర్లు, అలైన్‌మెంట్. ఈ తేడా పట్టుబడితే సగం అయోమయం తొలగుతుంది. రీబౌండ్‌ను (స్ప్రింగు తిరిగి తెరుచుకునేటప్పుడు డ్యాంపర్ ఇచ్చే అడ్డును) అతిగా పెంచితే, వరుస గతుకుల మీద నొక్కుకుపోయిన స్ప్రింగు తిరిగి తెరుచుకునేలోపే తర్వాతి గతుకు వచ్చి, కారు అంతకంతకూ కిందికి దిగిపోతుంది. డ్రైవరుకు అది గట్టిగా, రేసు కారులా అనిపిస్తుంది కనుకనే ఈ పొరపాటు అంత విరివిగా జరుగుతుంది. స్టాప్‌వాచ్ మాత్రం దాన్ని మెచ్చుకోదు.

యాంటీ రోల్ బార్ మార్చేవారు ఒక లెక్క గుర్తుంచుకోవాలి. ఘనమైన బారు గట్టిదనం వ్యాసపు నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 22 మిల్లీమీటర్ల బారు స్థానంలో అదే ఆకారంలో ఉన్న 24 మిల్లీమీటర్ల బారు పెడితే గట్టిదనం సుమారు 42 శాతం పెరుగుతుంది. మలుపులో ముందు చక్రాలు జారే కారుకు వెనుక బారు గట్టి చేయడం ట్రాక్ మీద చక్కగా పనిచేస్తుంది, కానీ అదే కారు వానలో తడిసిన రోడ్డు మీద అనుకోని బ్రేకు వేసినప్పుడు తోక తిప్పే అవకాశాన్ని పెంచుతుంది. లింకు బిగించే రంధ్రాన్ని మార్చుకోగల బారు ఉంటే, రోడ్డుకు మెత్తని రంధ్రం, ట్రాక్‌కు గట్టిది. అంత ఖర్చు పెట్టడానికి మునుపే ముందు చక్రాలకు మరికొంత నెగటివ్ క్యాంబర్ ఇచ్చి చూడాలని నేను సూచిస్తాను, ఎందుకంటే అది వెనుక పట్టు తగ్గించకుండానే ముందు పట్టు పెంచుతుంది.

రోడ్డుకు 1 నుంచి 1.5 డిగ్రీల నెగటివ్ క్యాంబర్, ట్రాక్‌కు 2.5 నుంచి 3.5 అనేది స్ట్రట్ కార్లకు సాధారణంగా పనికివచ్చే పరిధి. టైరు లోపలి అంచును తినేది క్యాంబర్ కంటే టో అన్న సంగతి చాలామందికి తెలియదు. ముందు టో సున్నాకు దగ్గరగా, వెనుక మొత్తం 1 నుంచి 2 మిల్లీమీటర్ల టో ఇన్‌తో (చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి) ఉంచితే, 2 డిగ్రీల క్యాంబర్‌తో కూడా రోడ్డు టైరు గౌరవప్రదమైన ఆయుష్షు ఇస్తుంది. క్యాంబర్ ప్లేటు ఉన్నవారికి మరొక జాగ్రత్త: స్ట్రట్ పై చివరను లోపలికి జరపగానే టో కూడా మారుతుంది. స్టీరింగ్ ర్యాక్ చక్రపు ఇరుసుకు ముందు ఉన్న కార్లలో సాధారణంగా టో ఔట్ వైపు, వెనుక ఉన్నవాటిలో టో ఇన్ వైపు మారుతుంది. ట్రాక్ స్థానంలో టో సరిగ్గా పెట్టించి, రోడ్డు స్థానానికి తిరిగి వచ్చినప్పుడు ఎంత మారిందో ఒకసారి కొలిపించి, టై రాడ్‌ను ఎన్ని చుట్లు తిప్పితే సరిపోతుందో రాసి పెట్టుకుంటే, ఆ తర్వాత ప్రతిసారీ అలైన్‌మెంట్ యంత్రం అవసరం ఉండదు. నాలుగు మూలల బరువు తూచే పని అలైన్‌మెంట్ కంటే ముందు, డ్రైవరు బరువు సీట్లో ఉంచి, బార్ల లింకులు విడదీసి చేయాలి. ఒక మూల స్ప్రింగు సీటును పైకి తిప్పితే ఆ మూలా దాని కర్ణానికి ఎదురుగా ఉన్న మూలా బరువెక్కుతాయి. రెండు కర్ణాల మొత్తాలు సమానం కావడం లక్ష్యం.

ట్రాక్ మీద ఇవన్నీ సరిపోయాయో లేదో చెప్పేది టైరే. పిట్‌లోకి రాగానే, మెల్లగా చల్లార్చే ల్యాపు నడపకుండా, సూది ఉన్న థర్మామీటరుతో ట్రెడ్ లోపలి అంచు, మధ్య, బయటి అంచు వేడి కొలవాలి. లోపలి అంచు కాస్త ఎక్కువ వేడిగా ఉండటం సహజం. బయటి అంచే ఎక్కువ వేడిగా ఉంటే క్యాంబర్ చాలలేదని అర్థం. మధ్య భాగం మిగతా రెంటినీ మించితే గాలి ఎక్కువైంది. టైరు వేడెక్కేటప్పుడు సుమారు ప్రతి 6 డిగ్రీల సెల్సియస్‌కు గాలి 1 పీఎస్ఐ పెరుగుతుంది కనుక, చల్లని టైరులో రోడ్డు మీద వాడే గాలితోనే ట్రాక్ ఎక్కితే రెండో మూడో ల్యాపుకే పట్టు జారిపోతుంది. వేడి మీద నాలుగింటినీ కావలసిన అంకెకు తెచ్చుకోవాలి, ఇంటికి బయలుదేరే ముందు మళ్లీ నింపుకోవాలి. ఒక సెషన్‌కు ఒక్క మార్పే చేయాలి. రెండు మార్పులు కలిపి చేస్తే, కారు మెరుగైనా పాఠం దక్కదు.

ట్రాక్ నుంచి వచ్చిన తర్వాత చేయవలసిన పని కొంచెమే, వాయిదా వేయకూడనిది కూడా. వీల్ నట్లను టార్క్ రెంచ్‌తో సరిచూడాలి. సస్పెన్షన్ బోల్టుల మీద బిగించిన నాడు గీసిన రంగు గీత చెదరకుండా ఉందో లేదో చూడాలి. గీత విరిగి ఉంటే ఆ బోల్టు తిరిగిందన్నమాట. డ్యాంపర్ల ఒంటి మీద కొత్తగా నూనె జాడ ఉందేమో, బ్రేకు గొట్టాలు, ఏబీఎస్ తీగలు ఎక్కడైనా రాసుకున్నాయేమో పరిశీలించాలి. కాయిలోవర్ ఒంటి మీది మర చుట్లలో పేరుకున్న మట్టిని కడిగి, ఆరబెట్టి, పలుచగా రక్షణ పూత వేయకపోతే తర్వాత ఎత్తు మార్చాలన్నప్పుడు ఎత్తు సర్దే రింగు కదలదు. టో మార్చిన తర్వాత స్టీరింగు చక్రం కొంచెం వంకరగా నిలిచినట్టు కనిపిస్తే దాన్ని అలాగే వదిలేయకూడదు: టై రాడ్లను రెండు వైపులా సమంగా సర్ది స్టీరింగును తిన్నగా తెచ్చి, స్టీరింగ్ యాంగిల్ సెన్సార్ సున్నాను సరిచేయించాలి. లేకపోతే స్టెబిలిటీ కంట్రోల్ కారు మలుపులో ఉందని పొరబడి, తిన్నని దారిలో కూడా బ్రేకు వేయగలదు.