బాలింతగా పాలు పెరుగు మానేసి బిడ్డకు పాలిచ్చినా: నా అనుభవం

ముందే ఒక మాట చెప్తా. చిన్నబిడ్డ మోషన్‌లో రక్తం చార కనిపించిందంటే చాలు, ఇంట్లోనో హాస్పిటల్లోనో ఎవరో ఒకరు తల్లిపాలు ఆపేయమంటారు. మాకు ఇద్దరు ముగ్గురు అన్నారు, అందులో ఒకరు డాక్టరే. నేను ఆపలేదు. ఆపకుండా ఎట్ల గట్టెక్కినామో రాస్తున్నా, యాడైనా ఒకరికి పనికొస్తుందేమో అని.

మాది అనంతపురం, మొదటి కాన్పు కాబట్టి అమ్మవాళ్ళింట్లోనే ఉన్నా. బాబుకు రెండో నెల పడినాక డైపర్‌లో జిగురు జిగురుగా చీమిడి మాదిరి రావడం మొదలైంది, తర్వాత దాంట్లో సన్నగా ఎర్ర చారలు. వాడేమో బాగానే తాగుతాడు, నవ్వుతాడు, సాయంత్రమైతే మాత్రం ఒకటే ఏడుపు. దగ్గర్లో ఉండే క్లినిక్‌కి తీసుకుపోతే అక్కడి డాక్టర్ బిడ్డ బట్టలు కూడా విప్పి చూడలేదు, పాల అలర్జీ, నీ పాలు ఆపేసి ఈ డబ్బా పట్టు అని చీటీ రాసిచ్చినాడు. అది పాల ప్రోటీన్‌ను ముక్కలు ముక్కలు చేసి తయారుచేసే స్పెషల్ ఫార్ములా అంట, రేటు చూసి మా ఆయనకు నోట మాట రాలేదు. మెడికల్ షాపతను ఇంకో మెట్టు పైన, అది లేదు మేడమ్ మామూలు డబ్బా తీసుకోండి అన్నాడు. మామూలు డబ్బా పాలపొడి చేసేదే ఆవుపాలతో కదా! ఆవుపాలు పడట్లేదేమో అని అనుమానం వస్తే ఆవుపాల పొడే పట్టమంటే ఏం న్యాయం అది.

ఏమీ కొనకుండా ఇంటికొచ్చి, మా వదిన చెప్తే సాయినగర్‌లో ఇంకో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి పోయినాం. ఆమె ముందు బరువు చూసింది, పుట్టినప్పటి నుంచి ఎట్ల పెరిగినాడో కార్డులో చూసింది, మలద్వారం దగ్గర చీలిక ఏమన్నా ఉందా అని లైటు వేసి చూసింది, పుట్టినప్పుడు విటమిన్ కె ఇంజెక్షన్ వేసినారా అని అడిగింది. నా చనుమొనలు పగిలి రక్తం వస్తోందా అని కూడా అడిగింది, ఎందుకంటే బిడ్డ ఆ రక్తం మింగితే అదే మోషన్‌లో కనిపిస్తుందంట. అవేవీ కాదని తేలినాకే, ఆవుపాల ప్రోటీన్ పడకపోవడం కావచ్చు, కావచ్చు అంటున్నానంతే, అనింది. ఆ రెండోసారి అన్న "కావచ్చు" నాకు బాగా నచ్చింది.

ఆమె చెప్పింది ఏందంటే, నేను తాగిన పాలలో ప్రోటీన్ కొంచెం కొంచెంగా నా పాలలోకి దిగుతుంది, కొందరు బిడ్డల పేగు దానికి వాచి చీమిడి, రక్తం చారలు వస్తాయి. బిడ్డ చురుగ్గా ఉండి బరువు పెరుగుతుంటే కంగారు లేదు. ఇట్లాంటి దాన్ని రక్తపరీక్షలో, చర్మం మీద చేసే టెస్టులో పట్టుకోలేం, ఎందుకంటే ఆ టెస్టులు వేరే రకం అలర్జీకి, అదే తాగిన కాసేపటికే దద్దుర్లు, మొహం వాపు, ఆయాసం వచ్చే రకానికి. అట్లాంటివి కనిపించినా, రక్తం ఎక్కువ పడినా, పసరు కక్కినా, కడుపు ఉబ్బినా, జ్వరమొచ్చినా, బిడ్డ తాగకుండా వాడిపోయినా ఒక్క నిమిషం ఆగకుండా హాస్పిటల్‌కి రావాలి అని మా ఆయనతో మల్లా చెప్పించుకుంది. మా వాడికి పరీక్ష నా కంచమే. రెండు నుంచి నాలుగు వారాలు పాలతో చేసినవన్నీ నేను మానేయాలి, బిడ్డకు మాత్రం నా పాలే.

వినడానికి ఇంతే కదా. మా అమ్మకు చెప్పి చూడండి మల్ల! బాలింతకు పొద్దున బ్రెడ్డు పాలు, మధ్యాహ్నం వెల్లుల్లి కారంలో నెయ్యి, కాయం ముద్దలో నెయ్యి, రాత్రి ఒక గ్లాసు పాలు, ఇదీ మా ఇంట్లో పత్యం. పాలు తాగకపోతే నీకు పాలెట్ల పడతాయే అని అమ్మ, నలుగురు బిడ్డల్ని సాకినాను నాకు తెలీదా అని జేజి. పాలు పడేది బిడ్డ ఎంత చీకితే అంత, మనం తాగే పాలను బట్టి కాదు అని డాక్టరమ్మతో ఫోన్ స్పీకర్‌లో పెట్టి చెప్పించాల్సి వచ్చింది. అప్పుడు ఒప్పుకుంది అమ్మ, కాయం నువ్వులనూనెతో చేసింది, తిట్టుకుంటానే చేసింది అనుకోండి.

పాలు యాడెక్కడ దాక్కుంటాయో ఆ నెలలో తెలిసింది. బ్రెడ్డు, బిస్కెట్లు, బాలింతలకిచ్చే ప్రోటీన్ పౌడర్, బేకరీ బన్ను, హోటల్ దోసె మీద వెన్న, గుళ్ళో ఇచ్చే చక్కెర పొంగలి కూడా. ప్యాకెట్ వెనక పాలు ఉన్నాయో లేదో విడిగా రాయాలని మన దేశంలో రూల్ ఉంది, ఆ లైన్ చూస్తే చాలావరకు తెలిసిపోతుంది, మిల్క్ సాలిడ్స్, వే (whey), కేసీన్ అన్నా పాలే. అంగన్‌వాడీ నుంచి వచ్చేవాటిలో గుడ్లు నేను తిన్నా, పాలు వదిన పిల్లలు తాగినారు.

ఇంక సలహాలు. జేజి మేకపాలు తాగమనింది. మేకపాల ప్రోటీన్, బర్రెపాల ప్రోటీన్ ఆవుపాల ప్రోటీన్‌కు దగ్గర చుట్టాలే, ఒకటి పడని బిడ్డకు మిగతావి కూడా పడకపోవడమే ఎక్కువ. ఎదురింటావిడ వీధిలో గాడిదపాలు అమ్మేవాళ్ళు వచ్చినప్పుడు ఒక ఉగ్గుగిన్నె బాబుకు పట్టించమనింది, కాచని పాలు రెండు నెలల బిడ్డకా, దండం పెట్టి పంపించినా. బెంగళూరులో ఉండే మా కజిన్ లాక్టోజ్ లేని పాలు తాగు అక్కా అని లింక్ పంపింది. అది వేరే సంగతి, లాక్టోజ్ అంటే పాలలో చక్కెర, అది నేను ఏం తిన్నా తినకపోయినా తల్లిపాలలో ఉంటుంది, రొమ్ములోనే తయారవుతుంది. మనకు తంటా ప్రోటీన్‌తో, ఆ లాక్టోజ్ ఫ్రీ ప్యాకెట్లో ప్రోటీన్ అట్లే ఉంటుంది.

నిజంగా చెప్పాలంటే మన సీమ తిండి ఉండబట్టి బతికిపోయినా. రాగి సంగటి, పప్పు, చెనక్కాయ చట్నీ, జొన్నరొట్టె, ఉగ్గాని, ఊరిబిండి, వీటిలో పాలచుక్క ఎక్కడుంది? 100 గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాముల పైనే కాల్షియం, దానికితోడు నువ్వుల పొడి, మునగాకు. అవి సరిపోవని డాక్టరమ్మ 500 మిల్లీగ్రాముల కాల్షియం మాత్ర రోజుకు రెండుసార్లు రాసింది, ఐరన్ మాత్రతో కలిపి వేసుకోవద్దని చెప్పింది. బాబుకు విటమిన్ డి చుక్కలు అందరికీ రాసినట్టే 400 యూనిట్లు. కష్టమైందల్లా మజ్జిగ. ఎండాకాలంలో అనంతపురంలో మజ్జిగ లేకుండా అన్నం ముగించడం అంటే భోజనం సగంలో లేచిపోయినట్టే ఉండేది, చారు ఎంత పోసుకున్నా.

మానేసిన మొదటి వారం లోపలే చారలు తగ్గినాయి, చీమిడి పోవడానికి ఇంకాస్త టైమ్ పట్టింది. ఏడుపు మాత్రం తగ్గలేదు! నేను దీన్ని గట్టిగా చెప్తా ఎందుకంటే శానామంది ఏడుపు, పాలు కక్కడం, పచ్చ మోషన్, అన్నీ పాల అలర్జీ ఖాతాలో వేసి తల్లిని ఒక్కొక్కటే మానిపిస్తా పోతారు, గోధుమలు, గుడ్లు, పప్పులు, చివరికి ఆమె ఏం తినాల? సాయంత్రం ఏడుపు ఆ వయసు బిడ్డల్లో శానామందికి ఉండేదే, మూడో నెల దాటినాక మా వాడిది దానంతట అదే తగ్గింది.

అసలు గొడవ తర్వాత. డాక్టరమ్మ ఇప్పుడు పెరుగు తిని చూడు అనింది. మా ఆయన ఒప్పుకోడు, బాగుంది కదా మళ్ళీ కెలకడం ఎందుకు అని. ఆమె అట్ల కాదు, రక్తం దానంతట అదే తగ్గిపోయే బిడ్డలు కూడా ఉంటారు, మళ్ళీ తిని చూడకపోతే నువ్వు ఊరికే నెలల తరబడి పాలు మానేసి కూర్చుంటావు అనింది. నాకు అది సబబు అనిపించింది. పెరుగన్నం తిన్నా, ఎంత కమ్మగా ఉన్నిందో. రెండు మూడు రోజులు తిన్నాక డైపర్‌లో మళ్ళీ చార. అప్పటికి గానీ "అనుమానం" అన్న మాట చీటీలో నుంచి తీసేయలేదు ఆమె. మళ్ళీ మానేసినా, మళ్ళీ తగ్గింది.

ఆరు నెలలు నిండినాక అన్నప్రాశనకు పాయసం ఎట్ల అని పెద్ద చర్చ. పాలు లేకుండా బియ్యం, బెల్లం, కొబ్బరిపాలతో అమ్మ పరమాన్నం చేసింది, పంతులుగారు ఏమీ అనలేదు, చుట్టాలకు తేడా కూడా తెలీలేదు. తర్వాత రాగి జావ నీళ్ళతోనే.

ఏడాది దగ్గరపడినాక డాక్టరమ్మ చెప్పిన వరసలోనే మొదలుపెట్టినాం, ముందు బాగా కాలిన బిస్కెట్ చిన్న ముక్క, పాల ప్రోటీన్ వేడికి మారిపోతే పేగుకు కొంచెం తేలిక అంట. తొందరగా వచ్చే రకం అలర్జీ ఉన్న బిడ్డకైతే ఇది ఇంట్లో చేయకూడదు, డాక్టర్ ఎదురుగానే. మా వాడు బిస్కెట్ దాటినాడు, తర్వాత వెన్న రాసి కాల్చిన దోసె, ఇప్పుడు పెరుగన్నం రెండు ముద్దలు తింటున్నాడు, ఏమీ కాలేదు. గ్లాసులో ఉత్త పాలు ఇంకా ఇవ్వలేదు, అది వచ్చే చెకప్‌లో అడగాలి. నేను మజ్జిగ తాగడం మొదలుపెట్టేసినా.