2042 దాకా ఊరు ఎలా ఉండాలి?

నా జీతంలో సగం జనం రాసిన అభ్యంతరాలు చదవడానికే ఇస్తున్నారేమో అనిపిస్తుంది. దక్షిణ ఇంగ్లండ్‌లో ఒక మధ్యరకం పట్టణపు కౌన్సిల్‌లో, ప్లానింగ్ పాలసీ విభాగంలో ఉద్యోగం నాది. జీతం వాళ్లదే కాబట్టి ఊరి పేరు రాయను. హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లో ప్లానింగ్ చదివే రోజుల్లో మాస్టర్ ప్లాన్ అంటే రంగుల మ్యాప్ అనుకునేవాళ్లం. పసుపు రంగు వేస్తే ఇళ్లు, ఊదా రంగు వేస్తే పరిశ్రమలు. ఆ మ్యాప్ మీద జనం ఏం రాస్తారో, రాసినదాన్ని ఎవరు చదువుతారో మాకెవరూ చెప్పలేదు. ఇక్కడ చదివేది నేనే.

ఇంగ్లండ్‌లో ప్రతి స్థానిక ప్లానింగ్ సంస్థకూ లోకల్ ప్లాన్, అంటే ఊళ్లో ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే పత్రం, ఉండాలి. ఆమోదం పొందిన నాటి నుంచి కనీసం 15 ఏళ్ల ముందుచూపు అందులో ఉండాలి, ఐదేళ్లకోసారి సమీక్షించాలి. మాది 2042 దాకా. మనవాళ్లు చాలామంది ఉండే మిల్టన్ కీన్స్ అయితే ఏకంగా 2050 దాకా గీస్తోంది. 1947 చట్టం వచ్చాక ఇక్కడ పొలం నీదే అయినా, అందులో ఇల్లు కట్టాలంటే అనుమతి ఉండాల్సిందే. ప్లాన్‌లో ఆ పొలం చుట్టూ గీత గీసి ‘ఇళ్లకు’ అని రాస్తే దాని ధర రాత్రికి రాత్రి ఎన్నో రెట్లవుతుంది. అందుకే ఆ గీత కోసం బిల్డర్ల తరఫున పెద్ద పెద్ద కన్సల్టెంట్లు వందల పేజీల నివేదికలు పంపుతారు. అదే గీతను చెరపమని పొలం పక్కనున్న వీధివాళ్లు రాస్తారు. రెండూ ఒకే ఇన్‌బాక్స్‌లోకి వస్తాయి.

మా ప్లాన్‌కు జనాన్ని అడిగే ఘట్టాలు ముఖ్యంగా రెండు. 2012 నాటి నిబంధనల్లోని అంకెలతోనే మా ఆఫీసులో వాటిని పిలుస్తారు: రెగ్ 18, రెగ్ 19. మొదటిదాంట్లో ప్లాన్ ఇంకా పచ్చిగా ఉంటుంది, ఎవరు ఏమైనా చెప్పొచ్చు. రెండోదానికి వచ్చేసరికి కౌన్సిల్ తన తుది మాట అనుకున్నది అచ్చువేసి, కనీసం ఆరు వారాలు జనం ముందు పెడుతుంది. అప్పుడిచ్చే ఫారం చూస్తే నాకే టెన్షన్ వస్తుంది. ప్లాన్ చట్టప్రకారం ఉందా, ఆధారాలు సరిపోయాయా, ఆచరణలో నిలబడుతుందా, జాతీయ విధానానికి అనుగుణంగా ఉందా అని అడుగుతుంది. ‘మా వీధిలో ఇప్పటికే ట్రాఫిక్ జామ్’ అని చెప్పడానికి వచ్చిన పెద్దావిడకు ఆ ఫారం ఇవ్వాలంటే మొహమాటంగా ఉంటుంది. అయినా ఇస్తాం. ఆ దశలో మార్పు కోరుతూ రాసినవాళ్లకు, ప్లాన్‌ను పరిశీలించడానికి ప్రభుత్వం పంపే ఇన్‌స్పెక్టర్ ముందు కూర్చుని మాట్లాడే హక్కు చట్టమే ఇచ్చింది మరి.

లైబ్రరీలోనో చర్చి హాల్లోనో సాయంత్రాలు మ్యాపులు పెట్టి నిలబడటం నా ఉద్యోగంలో భాగం. వచ్చేవాళ్లలో ఎక్కువమంది రిటైరైనవాళ్లు. ఒకాయన కూడలి దగ్గర కుర్చీ వేసుకుని వారం రోజులు కార్లు లెక్కపెట్టి, గ్రాఫ్ పేపర్ మీద గీసుకుని వచ్చాడు. మా ట్రాఫిక్ నివేదికలో ఒక పట్టిక తప్పని చూపించాడు. నిజంగానే తప్పు, తర్వాత సరిచేశారు. ఇంకొకావిడ చెరువులో న్యూట్లు ఉన్నాయని ఫొటోలు తెచ్చింది. న్యూట్ అంటే బల్లిలా కనబడే నీటి జీవి. అందులో గ్రేట్ క్రెస్టెడ్ రకానికి ఇక్కడి చట్టంలో గట్టి రక్షణ ఉంది. ఇలాంటివాళ్లంటే నాకు గౌరవం. ‘మా ఇంటి విలువ పడిపోతుంది’, ‘కిటికీలోంచి కనబడే పొలం పోతుంది’ అనేవాళ్లూ వస్తారు. ఆ రెండూ ప్లానింగ్ లెక్కలోకి రావని మర్యాదగా చెప్పాలి. చెప్పాక వాళ్ల ముఖం చూడకుండా మ్యాప్ వైపు చూడాలి. అది అనుభవం మీద అబ్బిన విద్య.

గడువు ముగిశాక అసలు పని మొదలవుతుంది. ప్రతి ఉత్తరానికీ నంబరు వేస్తాం. పేరు బయటపెట్టాలి కాబట్టి ఆకాశరామన్న ఉత్తరాలు చెల్లవు. పేరు ఉంచి చిరునామా, సంతకం, ఫోన్ నంబరు నల్లగా కప్పేయాలి. చేత్తో రాసిన ఉత్తరంలో ‘మా ఆయన పోయాక ఒక్కదాన్నే ఉంటున్నాను’ అని ఉంటే దాన్నీ కప్పుతాను. అభ్యంతరం ఉండాలి, ఆమె ఒంటరితనం ఊరందరికీ తెలియక్కర్లేదు. తర్వాత ఏ విధానం మీద, ఏ స్థలం మీద రాశారో విడదీసి పట్టికలో ఎక్కించాలి. ఒకే మాటను అచ్చుగుద్దినట్టు వందమంది పంపితే వంద కారణాలైపోవు. చట్టం అడిగేది లేవనెత్తిన ముఖ్యాంశాలేమిటి, వాటిని కౌన్సిల్ ఎలా లెక్కలోకి తీసుకుంది అన్నది. ఇది ఓటింగ్ కాదని చెబితే చాలామందికి కోపం. ఊరంతా వద్దంటే ఎలా ఆమోదిస్తారు అంటారు.

వాళ్లకు చెప్పలేక నలిగిపోయే విషయం ఇంకొకటుంది. మొత్తం ఎన్ని ఇళ్లు కట్టాలన్నది చాలావరకు మా చేతుల్లో లేదు. 2024 డిసెంబర్‌లో బ్రిటన్ ప్రభుత్వం సూత్రం మార్చింది. ఊళ్లో ఇప్పుడున్న ఇళ్లలో 0.8 శాతంతో మొదలుపెట్టి, జీతాలకు ఇళ్ల ధరలు అందనంత ఎత్తులో ఉన్నకొద్దీ దాన్ని పెంచుతారు. దేశం మొత్తానికి అది ఏడాదికి దాదాపు 3,70,000 ఇళ్లు. ‘ఎన్ని’ అన్న ప్రశ్న మీద మాతో ఎంత పోట్లాడినా ఒరిగేది తక్కువ. ‘ఎక్కడ’, ‘వాటితోపాటు ఏం రావాలి’ అన్నవాటి మీద రాస్తే కాగితం కదులుతుంది. పాత ప్లాన్‌కు కాలం చెల్లిపోతే కౌన్సిల్ కాదన్న స్థలానికి కూడా బిల్డర్ అప్పీలుకెళ్లి గెలిచే అవకాశం పెరుగుతుంది. ప్లాన్ ఆగితే ఇళ్లు ఆగుతాయనుకోవడం అందుకే పొరపాటు.

మా చిన్నాయనది కామారెడ్డి పక్క ఊరు. 2022 చివర్లో అక్కడ మాస్టర్ ప్లాన్ ముసాయిదా వచ్చింది, అభ్యంతరాలకు 60 రోజులు. కాగితం మీద మా ఆరు వారాల కంటే ఎక్కువే. పంట భూములు ఇండస్ట్రియల్ జోన్‌లోకి పోతున్నాయని తెలిసి రైతులు రోడ్డెక్కారు. ఒక రైతు ఆత్మహత్య చేసుకున్నాడు. 2023 జనవరిలో కలెక్టరేట్‌ను ముట్టడించారు, అదే నెలలో మున్సిపల్ కౌన్సిల్ ప్లాన్ రద్దుకు తీర్మానం చేసింది. ఆ రోజుల్లో చిన్నాయన ఫోన్ చేసి, “మీ తాన ఎట్ల జేస్తరు బిడ్డా? ఇంటికే కాయితం పంపుతరా?” అని అడిగాడు. పంపుతాం, లైబ్రరీలో పెడతాం, పిలిచి చూపిస్తాం అని చెప్పాను. “గట్లైతే అందరొస్తరు గదా” అన్నాడు.

అందరూ రారు. ఇంగ్లండ్‌లో తక్కువ అద్దెకు ఇచ్చే సామాజిక గృహాల కోసం 13 లక్షలకు పైగా కుటుంబాలు వరుసలో ఉన్నాయి. నేను నిలబడిన హాళ్లలో ఆ వరుసలోని మనిషి కనబడటం అరుదు. కొత్త ఇళ్లలో రేపు ఉండబోయేవాళ్లకు ఈ ఊళ్లో ఇంకా చిరునామాయే లేదు. ఉన్న అద్దెవాళ్లు సాయంత్రం ఆరింటికి షిఫ్ట్‌లో ఉంటారు. నేనూ అద్దెకే ఉంటాను, మ్యాపుకు ఇవతల నిలబడే ఉద్యోగం దొరికింది కాబట్టి అక్కడున్నాను.

ఒకసారి లైబ్రరీలో పిల్ల బండి తోసుకుంటూ ఒకబ్బాయి వచ్చాడు, కథల పుస్తకాలు తిరిగివ్వడానికి. నా మెడలోని కార్డు మీద పేరు చూసి, “అక్కా, తెలుగేనా?” అన్నాడు. నరసరావుపేట వైపు మనిషి. భార్య కేర్ హోంలో, తను ఊరి బయట గోడౌన్‌లో. ఈ మ్యాపులేంటని అడిగితే చెప్పాను. “మనకెందుకక్కా, మనకు ఓటు కూడా లేదు కదా” అన్నాడు. ఉందని చెబితే నమ్మలేదు. భారత్ కామన్వెల్త్ దేశం కాబట్టి ఇక్కడ చట్టబద్ధంగా నివాసముంటున్న భారతీయులు ఓటర్లుగా నమోదు కావచ్చు. ప్లాన్ మీద రాయడానికైతే అదీ అక్కర్లేదు, పేరు, చిరునామా చాలు.

గోడౌన్ దగ్గర ఇంకో నాలుగు గోడౌన్లకు స్థలం చూపిస్తున్నామని మ్యాప్ మీద వేలు పెట్టి చూపించాను. “రాత్రి పదింటికి షిఫ్ట్ అయిపోద్ది. ఆఖరి బస్సు తొమ్మిదిన్నరకే. ఫుట్‌పాత్ లేదు, లారీల పక్కనే నడిచొస్తాం. ఇంకో నాలుగు పెడితే ఇంకెంతమంది నడవాలి?” అన్నాడు. అదే రాయమన్నాను. ఇంగ్లిష్ బాగా రాదన్నాడు. వచ్చినంతలో రాయమన్నాను. నిలబడే, పిల్ల ఏడుస్తుంటే ఒక చేత్తో బండి ఊపుతూ ఆరు లైన్లు రాశాడు.

బస్సు వేళలు లోకల్ ప్లాన్ పరిధిలోవి కావు. మా పట్టికలో చాలా వ్యాఖ్యల ఎదుట పడే ‘గమనించాం’ అన్న మాటతోనే అతని ఆరు లైన్లూ ముగిసేవి. కానీ ఆ గోడౌన్లలో పనిచేసేవాళ్ల దగ్గర్నుంచి ఆ స్థలం మీద వచ్చిన వ్యాఖ్య అదొక్కటే. మా సీనియర్ దాన్ని రవాణా విభాగానికి పంపింది. రెగ్ 19 ప్రతిలో ఆ స్థలం కింద కొత్త షరతు చేరింది: పాత రోడ్డు దాకా దీపాలతో నడకదారి వేయాలి, షిఫ్ట్ వేళలకు సరిపడే బస్సు కోసం బిల్డర్ డబ్బు కట్టాలి. బిల్డర్ కన్సల్టెంటు ఆ షరతు అక్కర్లేదని పదకొండు పేజీలు రాశాడు. అదిప్పుడు ఇన్‌స్పెక్టర్ ముందు తేలాలి.

అబ్బాయికి మెయిల్ పెట్టాను, రెగ్ 19లో ఏదైనా మార్పు కోరుతూ మళ్లీ రాస్తే విచారణలో మాట్లాడొచ్చని. జవాబు వేరే ఊరి నుంచి వచ్చింది. ఇంటి ఓనరు ఇల్లు అమ్మేశాడట, ఇక్కడ అదే అద్దెకు ఇంకోటి దొరకలేదట. ఎక్కడున్నా రాయొచ్చని చెప్పాను. “అక్కడి బస్సుతో నాకేం పనక్కా ఇప్పుడు” అని, కింద ఇంకో లైన్ పెట్టాడు: “ఈ ఊళ్లో కూడా ఇట్లాంటి మ్యాపులు పెడతారా?” ఆ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో వాళ్ల ప్లాన్ ఏ దశలో ఉందో చూసి, గడువు తేదీ పంపించాను.