మెంఫిస్ దారిలో గ్రిట్స్

అట్లాంటాలో నాలుగేళ్ళున్నా గ్రిట్స్, అంటే మొక్కజొన్న రవ్వ జావ జోలికి పోలేదు. 2002లో జార్జియా దాన్ని రాష్ట్ర అధికారిక వంటకంగా ప్రకటించిందని తెలుసు. అయినా క్యాంటీన్లో తెల్లగా ముద్దకట్టిన ఆ పదార్థాన్ని చూస్తే పక్కకు జరిగేవాణ్ణి.

మొన్న లాంగ్ వీకెండ్‌కి నేనూ మా ఆవిడా మెంఫిస్ బయల్దేరాం. గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ పుట్టిన టుపెలో దగ్గరికొచ్చేసరికి ఆకలి దంచేస్తోంది. రోడ్డు పక్కన చిన్న హోటల్లో ఆగాం.

ప్లేటులో మొక్కజొన్న రవ్వ, గరిటెజారుగా. నడుమ గుంట చేసి వేసిన వెన్న అంచుల్లోంచి కరుగుతోంది. ఒక చెంచా తిన్నా. జ్వరమొస్తే అమ్మమ్మ కాచే జావే, ఉప్పు కూడా తక్కువ. పంచదార అడిగాను. వడ్డించే పెద్దావిడ నావైపు జాలిగా చూసి, నల్లటి పల్చని గ్రేవీ గిన్నె ముందుకు తోసింది. రెడ్ ఐ గ్రేవీ. హ్యామ్ వేయించిన పెనంలో బ్లాక్ కాఫీ పోసి, అడుగంటింది గీకి మరిగిస్తారట. కాఫీతో పులుసా అనుకుంటూనే పోసుకున్నా. చేదు, ఉప్పు, పొగ వాసన కలిసి రవ్వలోకి ఇంకాయి. ఇన్నాళ్ళూ ఒట్టి అన్నం చూసి భోజనం బాగోలేదన్నట్టుంది నా వ్యవహారం.

మా ఆవిడ శాకాహారి. బిస్కెట్ల (ఇక్కడ మెత్తటి బన్నుల్లాంటివి) మీద పోసే తెల్ల గ్రేవీలో మాంసం ఉందా అని అడిగితే, "లేదు హనీ, గ్రేవీయే" అందా పెద్దావిడ. మైదా, పాలు నిజమే. రెండో ముద్దలో సాసేజ్ ముక్క తగిలింది. "ఏమండీ..." అని ఆగిపోయింది పాపం. తర్వాత హ్యాండ్‌బ్యాగులోంచి నల్లకారం డబ్బా తీసి, వెన్న గ్రిట్స్ మీద చల్లుకుని ప్లేటు ఖాళీ చేసింది. పెద్దావిడ చూసింది గానీ ఏమీ అనలేదు. పంచదార కాదుగా!

మెంఫిస్‌లో స్టాక్స్ అనే పాత పాటల రికార్డు కంపెనీ మ్యూజియం చూశాం. ఒకప్పుడు సినిమా హాలు, తర్వాత స్టూడియో. ఆ కట్టడాన్ని 1989లో పడగొట్టి, 2003లో అదే చోట మ్యూజియం తెరిచారు. 1962లో ఇక్కడ పుట్టిన పెద్ద హిట్ పేరు 'గ్రీన్ ఆనియన్స్', అంటే ఉల్లికాడలు! ఈ ఊళ్ళ సంగీతం వంటింటి గుమ్మం దాటదేమో. కార్లో గాయకుడు లిటిల్ మిల్టన్ 1969 పాట 'గ్రిట్స్ ఏంట్ గ్రోసరీస్' పెట్టా. నా ప్రేమ అబద్ధమైతే గ్రిట్స్ సరుకే కాదు పొమ్మని ఒట్టేస్తాడు. మన పల్లెల్లో గింజ మీద, గొడ్డు మీద ఒట్టేసినట్టే.

గ్రిట్స్ కథల్లో నవ్వులాట కానిది ఒకటుంది. 1974లో ఇదే మెంఫిస్‌లో గాయకుడు ఆల్ గ్రీన్ మీద, ఆయనంటే ఇష్టపడిన ఒకామె మరిగే గ్రిట్స్ పోసింది. తర్వాత ఆమె తన ప్రాణం తానే తీసుకుంది. ఒళ్ళు కాలిన ఆయన 1976లో పాస్టరయ్యాడు. వేడినీళ్ళయినా ఒకటే కదా అనుకున్నాను చదివినప్పుడు.

వస్తూ తిరగలిరాయితో విసిరిన గ్రిట్స్ సంచీ కొన్నాం. ఆదివారం ముప్పావు గంట కలుపుతూ నిలబడ్డా. కుతకుతమంటూ ఒక బుడగ పగిలి మణికట్టు మీద పడింది. విదిలించినా రాలేదు, చర్మానికి అంటుకుని కాలుతూనే ఉంది. కుళాయి కింద చెయ్యి పెట్టి నిలబడితే, వెనక నుంచి మా ఆవిడ, "అడుగంటుతోందండీ!"